గురువులకు ‘తెలియదు’ అనడం నేర్పిన అన్నా కామ్‌స్టాక్

ప్రాథమిక పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడికి సమస్తం తెలిసి ఉండాలన్న అభిప్రాయం చాలా పాతది. ఆ అభిప్రాయమే ఎందరో ఉపాధ్యాయులను తరగతి గదిలో భయపెట్టింది, పాఠ్యపుస్తకం దాటి అడుగు వేయనివ్వలేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొని, పిల్లలతో కలిసి దాన్ని వెతకడమే మంచి బోధన అని 19వ శతాబ్దం చివర్లోనే చెప్పి, ఆ మేరకు పల్లె ఉపాధ్యాయులకు ఏళ్ల తరబడి తోడు నిలిచిన విద్యావేత్త అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్. అమెరికాలో ప్రకృతి అధ్యయన ఉద్యమానికి ఆమె ప్రధాన సారథుల్లో ఒకరు. కీటకాల చిత్రకారిణిగా, రచయిత్రిగా, కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలిగా పేరొందిన ఆమె జీవితంలో సింహభాగం బడిపంతుళ్ల కోసమే ఖర్చయింది.

పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి

అన్నా 1854 సెప్టెంబరు 1న న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ భాగంలోని ఆటో అనే పల్లెలో జన్మించారు. తల్లిదండ్రులు మార్విన్, ఫీబీ బాట్స్‌ఫర్డ్‌లకు ఆమె ఏకైక సంతానం. వారిది వ్యవసాయ కుటుంబం. క్వేకర్ మతశాఖకు చెందిన తల్లికి చెట్టూ చేమా అంటే ప్రాణం. పొలం గట్ల మీద పూసే పూలను, రాత్రివేళ ఆకాశంలో నక్షత్ర మండలాలను కూతురికి చూపించి, వాటి పేర్లు చెప్పేవారు. తరువాతి కాలంలో అన్నా ఉపాధ్యాయులకు నేర్పిన పద్ధతికి బీజం ఆ పొలం గట్ల మీదే పడింది. అక్కడ పరీక్షలు లేవు, మార్కులు లేవు. చూపించే పెద్దమనిషి ఒకరు, చూసే చిన్నపిల్ల ఒకరు ఉండేవారు.

1874లో ఆమె ఇథాకా పట్టణంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. స్త్రీలకు ఆ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచి అప్పటికి కొద్ది ఏళ్లే అయింది. అక్కడ జంతుశాస్త్రం, కీటకశాస్త్రం బోధిస్తున్న యువ అధ్యాపకుడు జాన్ హెన్రీ కామ్‌స్టాక్‌తో పరిచయమైంది. రెండేళ్ల తరువాత చదువు మధ్యలో నిలిచిపోయింది. 1878లో ఆయనతో వివాహమైంది. భర్త కేంద్ర వ్యవసాయ శాఖలో ప్రధాన కీటకశాస్త్రజ్ఞుడిగా నియమితులైనప్పుడు ఆయన వెంట వాషింగ్టన్ వెళ్లి, కార్యాలయ పనుల్లోనూ, కీటకాల బొమ్మలు గీయడంలోనూ సహకరించారు. ఆ దంపతులు తిరిగి ఇథాకా చేరాక ఆమె మధ్యలో ఆపిన చదువును మళ్లీ అందుకుని, 1885లో ప్రకృతి శాస్త్రంలో పట్టా పొందారు.

చూపుకు సాన పట్టిన విద్య

భర్త రాస్తున్న కీటకశాస్త్ర గ్రంథాలకు బొమ్మలు కావలసి వచ్చాయి. ఆ రోజుల్లో పుస్తకంలో బొమ్మ అచ్చు కావాలంటే దాన్ని గట్టి చెక్కదిమ్మ మీద సన్నని గీతలుగా చెక్కాలి. అన్నా ఆ విద్యను పట్టుదలతో నేర్చుకున్నారు. న్యూయార్క్ నగరంలోని కూపర్ యూనియన్ సంస్థలో శిక్షణ పొందారు. 1895లో వెలువడిన కీటక అధ్యయన గ్రంథం కోసం ఆమె వందలాది బొమ్మలు చెక్కారు. అమెరికాలోని చెక్కబొమ్మల కళాకారుల సంఘానికి ఎన్నికైన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. 1888లో సిగ్మా జై అనే వైజ్ఞానిక గౌరవ సంఘం మొదటిసారిగా నలుగురు స్త్రీలకు సభ్యత్వం ఇవ్వగా, వారిలో అన్నా పేరు ఉంది.

చెక్కదిమ్మ మీద సీతాకోకచిలుక రెక్కను చెక్కాలంటే రెక్క మీద ఈనెలు ఎన్ని, ఎక్కడ చీలుతున్నాయి, అంచు ఎలా వంగుతోంది అన్నది గంటల తరబడి చూడాలి. ఊహించి గీస్తే బొమ్మ తప్పుతుంది. పేరు తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్టు కాదన్న ఎరుక ఆమెకు ఈ పనిలోనే బలపడిందని చెప్పవచ్చు. ఉపాధ్యాయులకు ఆమె ఇచ్చిన శిక్షణలో పేర్ల కన్నా పరిశీలనకు పెద్దపీట వేయడం వెనుక ఈ అనుభవం ఉంది.

పల్లెలు ఖాళీ అవుతున్న వేళ

1890ల తొలినాళ్లలో అమెరికాలో వ్యవసాయం తీవ్రంగా దెబ్బతిన్నది. 1893 నాటి ఆర్థిక సంక్షోభం దానికి తోడైంది. బతుకుతెరువు వెతుక్కుంటూ పల్లెజనం న్యూయార్క్ నగరానికి తరలివచ్చారు. నగరంలోనూ పని దొరకక దాతృత్వ సంస్థల గుమ్మాల ముందు నిలబడ్డారు. జనం పొలాలు వదిలి ఎందుకు వస్తున్నారని దాతలు ఆలోచనలో పడ్డారు. రాష్ట్రంలో వ్యవసాయాన్ని ప్రోత్సహించేందుకు ఒక సంఘం ఏర్పడింది. చిన్ననాటి నుంచే నేల మీద, పైరు మీద, చుట్టూ ఉన్న జీవజాలం మీద ఆసక్తి కలిగిస్తే తరువాతి తరమైనా పల్లెను వదలదన్న ఆలోచన అక్కడ పుట్టింది. వెస్ట్‌చెస్టర్ జిల్లా పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా ప్రకృతి పాఠాలు మొదలుపెట్టారు. ఆ ప్రయత్నంలో అన్నా తొలి నుంచీ పాలుపంచుకున్నారు.

ఫలితం ఆశాజనకంగా కనిపించడంతో రాష్ట్ర ప్రభుత్వం నిధులు ఇచ్చింది, నిర్వహణ బాధ్యత కార్నెల్ వ్యవసాయ కళాశాలకు దక్కింది. ఉద్యానశాస్త్రంలో ప్రఖ్యాతుడైన లిబర్టీ హైడ్ బెయిలీ దీనికి నాయకత్వం వహించారు. 1896 చివర్లో ఉపాధ్యాయుల కోసం తొలి కరపత్రం వెలువడింది. గుమ్మడి జాతి మొక్క గింజలోంచి ఎలా బయటికి వస్తుందన్నది దాని విషయం. రాసింది బెయిలీయే. రైతుబిడ్డలు ప్రతి ఏటా చూసే దృశ్యమే అయినా, ఆగి చూసినవారు తక్కువ.

బల్ల వెనుక నిలబడిన భయం

కరపత్రాలు అచ్చయినంత మాత్రాన బడిలో పాఠం మారదు. అన్నా ఉపాధ్యాయుల సమావేశాలకు వెళ్లి ప్రసంగించినప్పుడు అసలు సమస్య ఎదురైంది. నాటి గ్రామీణ పాఠశాలల్లో ఎక్కువ భాగం ఏకోపాధ్యాయ పాఠశాలలే. ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలు కూర్చునేవారు. చదువు, రాత, లెక్కలు, భూగోళం అన్నీ ఒక్కరే చెప్పాలి. ఆ ఒక్కరు తరచుగా పెద్ద చదువు లేని యువతి. విజ్ఞానశాస్త్రంలో ఆమెకు శిక్షణ ఉండేది కాదు. ఇప్పటికే తలకు మించిన పని ఉన్న తనమీద మరో పాఠ్యాంశం వేస్తున్నారన్న బెదురు ఒకవైపు, పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు రాకపోతే పరువు పోతుందన్న భయం మరోవైపు.

అన్నా ఈ రెంటినీ తీవ్రంగా తీసుకున్నారు. ప్రకృతి పాఠం పది నిమిషాలైనా చాలునని, అరగంట దాటనక్కరలేదని సూచించారు. కిటికీ మీద వాలిన పురుగు, ఒక విద్యార్థి జేబులో తెచ్చిన రాయి ఆ పూట పాఠం కావచ్చునన్నారు. పరీక్షలు వద్దన్నారు. బడిగదిలో రోజంతా గొంతు చించుకుని అలసిపోయిన ఉపాధ్యాయురాలికి సాయంత్రం పొలాల్లో నడక విశ్రాంతి ఇస్తుందని, ప్రకృతి అధ్యయనం పిల్లల కన్నా ముందు ఆమెకే మేలు చేస్తుందని చెప్పారు.

రెండో భయానికి ఆమె ఇచ్చిన మందు ఇంకా గట్టిది. ఎంతటి శాస్త్రజ్ఞుడైనా తన రంగంలోనే ఎన్నో ప్రశ్నలకు జవాబు తెలియదని ఒప్పుకుంటాడని ఆమె గుర్తుచేశారు. అటువంటప్పుడు పల్లె బడి ఉపాధ్యాయురాలు సిగ్గుపడవలసిన పనేముంది? తనకు తెలియదని చెప్పి, మనమంతా కలిసి కనుక్కుందామని పిల్లలను పిలవడమే అసలైన బోధనకు ఆరంభమని ఆమె బోధించారు. తెలిసినట్టు నటించే గురువు పిల్లల్లో ప్రశ్నను చంపేస్తాడు. తెలియదని ఒప్పుకున్న గురువు ఆ క్షణంలోనే పిల్లలకు సహాధ్యాయి అవుతాడు. ఆమె శిక్షణకంతటికీ ఈ ఒక్క భావనే మూలస్తంభం.

తపాలాలో నడిచిన శిక్షణ

వేసవిలో కొన్ని వారాలు ఉపాధ్యాయులను పిలిచి పాఠాలు చెప్పి పంపితే, తిరిగి తమ ఊరి బడికి వెళ్లాక వారు ఒంటరివారవుతారు. ఆ ఒంటరితనాన్ని తగ్గించడానికి కార్నెల్ బృందం తపాలాను ఆశ్రయించింది. ఉపాధ్యాయులకు ఇంటివద్దనే ప్రకృతి పాఠాలు అందించే పాఠ్యక్రమం నడిచింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో దానికి పాఠాలు రాసే పని ప్రధానంగా అన్నా చేపట్టారు. ఋతువును బట్టి ఆ నెలలో పొలంలో, తోటలో, వాగు ఒడ్డున ఏది కనిపిస్తుందో దాని మీదే పాఠం ఉండేది.

పిల్లల పక్షాన మరొక ఏర్పాటు సాగింది. జాన్ స్పెన్సర్ అనే అనుభవజ్ఞుడైన రైతు ఆధ్వర్యంలో బాలల ప్రకృతి సంఘాలు ఏర్పడ్డాయి. పిల్లలకు ఆయన జాన్ మామయ్య. ఆ సంఘాల్లో చందా డబ్బుగా కట్టనక్కరలేదు. తాము చూసినదాని గురించి ఉత్తరం రాస్తే అదే చందా. రాష్ట్రం నలుమూలల నుంచి వేలాది ఉత్తరాలు ఇథాకాకు చేరేవి. ఏ పాఠం పిల్లలకు పట్టింది, ఏది పట్టలేదు అన్నది విశ్వవిద్యాలయంలోని బృందానికి ఈ ఉత్తరాల ద్వారానే తెలిసేది.

పిల్లల రాతపుస్తకం విషయంలో అన్నా వైఖరి నేటికీ ఆలోచింపజేస్తుంది. పొలంలో చూసినవి రాసుకునే పుస్తకం పూర్తిగా పిల్లవాడి సొంతమని, ఎవరినీ బలవంతపెట్టి రాయించరాదని ఆమె సూచించారు. అందులో తప్పులు దిద్దడం ఉపాధ్యాయుడి పని కాదన్నారు. రాసిన సమాచారం కన్నా రాయాలన్న ఉత్సాహమే విలువైనదని ఆమె నమ్మకం. భాషాబోధనకు కూడా ఇందులో గొప్ప మేలుంది. చెప్పడానికి తనదైన సంగతి ఒకటి ఉన్నప్పుడు పిల్లవాడు మాటల కోసం తానే వెతుక్కుంటాడు.

పేర్ల సంగతిలోనూ అంతే. మొదటే పేరు వల్లె వేయిస్తే, పేరు రావడంతోనే పని అయిపోయిందని పిల్లలు చూడటం మానేస్తారు. ఉపాధ్యాయుడు పాఠం నడుమ సహజంగా ఆ పేరు వాడుతూ పోతే పిల్లల నోట అదే స్థిరపడుతుంది. ఇంట్లో పసిపిల్లలు మాటలు నేర్చుకునే తీరు కూడా అదే.

ఇచ్చిన పదవి వెనక్కి

1890ల చివర్లో కార్నెల్ విశ్వవిద్యాలయం అన్నాను సహాయ ఆచార్యురాలిగా నియమించింది. ఆ విశ్వవిద్యాలయంలో ఆ హోదా పొందిన తొలి స్త్రీ ఆమె. ఒక స్త్రీకి ఆచార్య పదవి ఇవ్వడమేమిటని ధర్మకర్తల మండలిలో అభ్యంతరాలు వచ్చాయి. జీతం అలాగే ఉంచి, హోదాను మాత్రం ఉపన్యాసకురాలిగా తగ్గించారు. పని మారలేదు. బోధన, పర్యటన, రచన ఎప్పటిలాగే సాగాయి. పోగొట్టుకున్న హోదా తిరిగి రావడానికి 1913 వరకు ఆగవలసి వచ్చింది. పూర్తిస్థాయి ఆచార్య పదవి 1920లో దక్కింది. అప్పటికి ఆమె వయసు 65 దాటింది. రెండేళ్లకే, 1922లో, పదవీ విరమణ చేశారు.

తెలియదని చెప్పడానికి జంకవద్దని పల్లె ఉపాధ్యాయురాళ్లకు ఆమె ధైర్యం చెబుతున్న కాలంలోనే, స్త్రీ అన్న కారణంగా ఆమె హోదా తగ్గింది. అందుచేత తరగతి గదిలో గౌరవం పోతుందేమోనన్న ఆ యువతుల బెంగ ఆమెకు పరాయిది కాదు.

నష్టం తెస్తుందనుకున్న పుస్తకం

ఏళ్ల తరబడి రాసిన పాఠాల ప్రతులు దొరకడం కష్టమైంది. వాటిని కూర్చి, సవరించి, ఒక పెద్ద గ్రంథంగా తేవాలని అన్నా సంకల్పించారు. కామ్‌స్టాక్ దంపతులు తమ మిత్రుడు, కార్నెల్ ఆచార్యుడు సైమన్ హెన్రీ గేజ్‌తో కలిసి 1890లలోనే ఒక ప్రచురణ సంస్థ స్థాపించారు. తొమ్మిది వందల పేజీలు దాటిన పుస్తకాన్ని బడిపంతుళ్లు కొంటారా అన్న సందేహం భర్తకు కలిగింది. నష్టం తప్పదని ఆయన అంచనా వేశారు. అయినా 1911లో ప్రకృతి అధ్యయన కరదీపిక అచ్చయింది. అంచనా తలకిందులైంది. ఆ సంస్థ పుస్తకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయింది అదే. ఇరవైకి పైగా ముద్రణలు పొంది, ఎనిమిది భాషల్లోకి అనువాదమైంది.

పుస్తకం నిర్మాణంలోనే ఆమె శిక్షణ పద్ధతి కనిపిస్తుంది. జంతువులు, మొక్కలు, నేల, ఆకాశం అన్న వరుసలో రెండు వందలకు పైగా పాఠాలున్నాయి. ప్రతి పాఠానికీ ముందు ఉపాధ్యాయుడి కోసం ఒక కథనం ఉంటుంది. అందులో ఆ జీవి బతికే తీరు, దాని ఒడుపులు చదవడానికి ఇంపుగా చెబుతారు. తరువాత పిల్లలకు అందవలసిన ప్రధాన భావం ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. పాఠాన్ని ఎలా నడపాలో ఆ తరువాత సూచిస్తారు. చివరగా ప్రశ్నల వరుస వస్తుంది.

మొదటి పాఠానికి ఎంచుకున్నది కోడిపెట్ట. ఈకలు కోడికి దుస్తుల్లా ఎలా పనికొస్తాయన్నది విషయం. కోడిని బడికి తెచ్చి పిల్లల ఎదుట ఉంచాలి. వీపు మీది ఈకలు ఏ వరుసలో పరచుకున్నాయి, రొమ్ము మీది ఈకకూ వీపు మీది ఈకకూ తేడా ఏమిటి, వానలో కోడి ఎలా నిలబడుతుంది వంటివి చూడాలి. వాటికి జవాబు కోడి దగ్గరే ఉంది. పుస్తకం తిరగేసి చెప్పగలిగేవి కావు. పట్టణంలో పుట్టి పెరిగిన ఉపాధ్యాయురాలికి తెలియకపోయినా, రోజూ కోళ్లగూడు తలుపు తీసే పిల్లవాడికి ఆ జవాబు తెలిసి ఉండవచ్చు. ఆ పూట వాడే గురువు. కప్ప, కీచురాయి, వానపాము, సాలీడు, వాగు నీరు, చుక్కలు అన్నీ ఇదే తీరులో పాఠాలయ్యాయి. ఖరీదైన పరికరాలు అవసరమయ్యేవి వాటిలో అరుదు.

విమర్శలు, మారిన కాలం

ఈ పద్ధతికి విమర్శలు లేకపోలేదు. ప్రకృతి అధ్యయనం అనుభూతికి ఎక్కువ చోటు ఇస్తుందని, శాస్త్రానికి కావలసిన క్రమబద్ధత అందులో లేదని కొందరు శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. ఒక్కొక్క జీవిని విడివిడిగా చూస్తూ పోతే, వాటన్నిటినీ కలిపే సూత్రం పిల్లలకు ఎప్పుడు అందుతుందన్న ప్రశ్న సమంజసమైనదే. భౌతిక, రసాయన శాస్త్రాల ప్రయోగాలకు అందులో చోటు తక్కువన్నదీ నిజమే. పల్లె యువతను పొలంలో నిలపాలన్న తొలి లక్ష్యమూ నెరవేరలేదు. పట్టణాలకు వలస ఆగలేదు.

1927లో కొలంబియా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయ కళాశాలకు చెందిన జెరాల్డ్ క్రెయిగ్ తన పరిశోధనలో ప్రాథమిక తరగతుల విజ్ఞానశాస్త్రానికి ఒక క్రమాన్ని ప్రతిపాదించారు. ఆపై పాఠశాలలు క్రమంగా ఆ దారి పట్టాయి. పాఠ్యపుస్తకాల శ్రేణులు వచ్చాయి. క్రమం వచ్చింది గాని, అనేక తరగతి గదుల్లో పరిశీలన స్థానాన్ని పఠనం ఆక్రమించింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత అమెరికాలో విజ్ఞానశాస్త్ర బోధనపై మథనం మొదలైంది. పిల్లల చేతికి వస్తువు ఇచ్చి, ప్రశ్నతో పాఠం నడపాలన్న ఆలోచన 1960లలో కొత్త పేర్లతో మళ్లీ ముందుకు వచ్చింది.

భారతదేశంలో అదే ప్రశ్న

అన్నా కృషితో నేరుగా సంబంధం లేకపోయినా, అదే సమస్య మన దేశంలోనూ ఎదురైంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ సంస్థలు దానికి పూనుకున్నాయి. అక్కడా వేసవి శిక్షణతో సరిపెట్టలేదు. ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకుని, తరగతిలో ఎదురైన చిక్కులను చర్చించుకునేవారు. వందలాది పాఠశాలలకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2002లో నిలిపివేసింది.

ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనంలో పాల్గొనాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం నిర్దేశించింది. గంటలు లెక్కపెట్టడం సులభం. ఆ గంటలు ముగిసి, ఉపాధ్యాయుడు తన ఊరి బడికి చేరాక, పాఠం తప్పినప్పుడు ఎవరిని అడగాలి, తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఎవరి ధైర్యంతో నిలబడాలి అన్నది లెక్కకు అందని విషయం. కార్నెల్ తపాలా సంచులు, హోషంగాబాద్ నెలవారీ సమావేశాలు సమాధానం చెప్పబోయింది ఆ ప్రశ్నకే.

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత కూడా అన్నా విశ్రమించలేదు. 1917 నుంచి 1923 వరకు ప్రకృతి అధ్యయన పత్రికకు సంపాదకత్వం వహించారు. 1923లో అమెరికా మహిళా ఓటర్ల సమాఖ్య దేశంలోని పన్నెండుమంది మహోన్నత స్త్రీల పేర్లు ప్రకటించింది. సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్, నవలా రచయిత్రి ఈడిత్ వార్టన్, ఖగోళశాస్త్రజ్ఞురాలు ఆనీ జంప్ కానన్ సరసన అన్నా కామ్‌స్టాక్ పేరూ నిలిచింది.

భర్త 1926లో పక్షవాతానికి గురయ్యారు. చివరి ఏళ్లు ఆయన సేవలో గడిచాయి. ఆ మధ్యనే తమ ఇరువురి జీవితచరిత్రనూ ఆమె రాశారు. అది ఆమె మరణించిన చాలా ఏళ్లకు, 1953లో, బాగా కుదించిన రూపంలో వెలువడింది. 1930 ఆగస్టు 24న ఇథాకాలో ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది భర్త కూడా మరణించారు. వారి ప్రచురణ సంస్థ కార్నెల్ విశ్వవిద్యాలయానికి దక్కింది. 1988లో అమెరికా జాతీయ వన్యప్రాణి సమాఖ్య తన ప్రకృతి పరిరక్షకుల గౌరవ పట్టికలో ఆమె పేరు చేర్చింది.

నూరేళ్లు దాటినా ప్రకృతి అధ్యయన కరదీపిక ఇంకా అచ్చులో ఉంది. అందులోని కొన్ని శాస్త్ర వివరాలు పాతబడ్డాయి. కోడిపెట్ట ఈకల మీది ప్రశ్నలు మాత్రం పాతబడలేదు. వాటికి జవాబు కావాలంటే ఇప్పటికీ ఒక కోడిని పట్టుకుని చూడవలసిందే.